కోలపెట్టె నేర్చుకుందామని వెళ్లి షేకర్ల ప్రార్థనలో కూర్చున్నాం – నా అనుభవం

మా నాన్న 2024 మే 18న బోస్టన్‌లో దిగాడు. జూన్ మొదటి వారానికల్లా మా ఇంట్లో కిర్రుమనే తలుపంటూ ఒక్కటీ మిగల్లేదు. మండపేటలో నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి. న్యూ హాంప్‌షైర్‌లోని నాషువాలో, అందరూ పొద్దస్తమానం లాప్‌టాప్‌ల ముందు కూర్చునే ఇంట్లో, చేతికి పనిలేక గోడలు వేళ్లతో తట్టి చూస్తూ తిరిగేవాడు. "ఇది గోడ కాదమ్మా, అట్ట" అనేవాడు. ఆ మాట రోజూ వినలేక ఆయనకో వ్యాపకం వెతకడం మొదలుపెట్టాను. షేకర్ల గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా ఫర్నిచర్ కేటలాగుల్లో కనిపించే ఓ రకం కుర్చీ, అంతే. వాళ్లు పెళ్లిళ్లు లేకుండా ఉమ్మడిగా బతికే ఓ చిన్న క్రైస్తవ శాఖ అని తర్వాతే తెలిసింది.

ఆఫీసులో ఒకాయన, "మీ నాన్నగారు వడ్రంగి అయితే కాంటర్‌బరీ తీసుకెళ్లు" అన్నాడు. మా ఇంటినుంచి గంట ప్రయాణం. జూన్ 8, శనివారం వెళ్లాం. ఇద్దరికీ కలిపి టికెట్లు యాభై డాలర్ల లోపే అయ్యాయి. అది 1792లో ఏర్పడిన షేకర్ల ఊరు. అక్కడి ఆఖరి సిస్టర్ (షేకర్లలో ఆడవాళ్లని అలాగే పిలుస్తారు) 1992లో కన్నుమూశారు, ఇప్పుడు మొత్తం మ్యూజియం. గైడ్ ఆవిడ చెప్పేది నేను తెలుగులో చెప్పాలి, నాన్న వినాలి అని అనుకున్నాం. ఆయన విన్లేదు. గోడలకి తలెత్తు ఎత్తులో వరసగా చెక్క మేకులు దిగ్గొట్టిన పట్టీ ఒకటి ప్రతి గదిలోనూ ఉంటుంది. టోపీలు, కోట్లు, చీపుళ్లు, ఆఖరికి కుర్చీలు కూడా దానికే తగిలిస్తారు. కుర్చీని తలకిందులుగా తగిలిస్తారు, కూర్చునే చోట దుమ్ము పడకుండా. నాన్న దాని దగ్గరే పది నిమిషాలు నిలబడిపోయాడు. సొరుగులన్నీ గోడలో కలిసిపోయి ఉన్న అల్మరా దగ్గర ఇంకో పది నిమిషాలు. గైడ్ ఆవిడ ప్రార్థన గురించి, పాటల గురించి, నాట్యం గురించి చెప్పింది కానీ ఆ భాగమంతా నేను అనువదించకుండా వదిలేశాను. ఆయన మనసంతా ఆ సొరుగుల అతుకుల మీదే ఉంది.

అసలు కథ తిరుగు ప్రయాణంలో కార్లో చెప్పాను. షేకర్లని అమెరికాకి తెచ్చింది ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో 1736లో పుట్టిన ఆన్ లీ. చదువు లేదు, బట్టల మిల్లులో పని. తండ్రి కమ్మరి.

"కమ్మరి కూతురా! అయితే మనోళ్లేనన్నమాట" అన్నాడు నాన్న. ఇక అక్కడినుంచి మాత్రం శ్రద్ధగా విన్నాడు.

పెళ్లయింది, నలుగురు పిల్లలు పుట్టారు, నలుగురూ చిన్నప్పుడే పోయారు. ఆ దుఃఖంలో ఆమె దేవుణ్ణి పట్టుకుంది. అన్ని పాపాలకీ మూలం స్త్రీపురుష సంబంధమేనని, బ్రహ్మచర్యమే దారి అని నమ్మింది. జైలుకు కూడా వెళ్లింది. 1774 మే నెలలో ఎనిమిది మందిని వెంటబెట్టుకుని లివర్‌పూల్‌లో ఓడ ఎక్కి, ఆగస్టు 6న న్యూయార్క్‌లో దిగింది. పదేళ్లు దాటగానే 1784లో చనిపోయింది. ఊళ్లు కట్టడం, ఆస్తి ఉమ్మడి చేయడం, ప్రతి ఊరికీ మగ పెద్దలు, ఆడ పెద్దలు సమానంగా ఉండాలనే పద్ధతి, ఇవన్నీ ఆమె తర్వాత జోసెఫ్ మీచమ్, లూసీ రైట్ అనే ఇద్దరు నిలబెట్టారు. దేవుడిలో తండ్రి ఉన్నట్టే తల్లి కూడా ఉందని వాళ్ల నమ్మకం. మెయిన్ నుంచి కెంటకీ దాకా ఊళ్లు లేచాయి. పంతొమ్మిదో శతాబ్దం నడిమికి కొన్ని వేలమంది అయ్యారు.

నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మకీ ముగ్గురు పోయారు" అన్నాడు. నాకు ఇద్దరే అని తెలుసు. మూడోవాడి సంగతి ఆ రోజే విన్నాను.

కాంకర్డ్ దాటాక మళ్లీ అడిగాడు. "పెళ్లిళ్లు లేకపోతే మరి ఎన్నాళ్లు నడుస్తుంది?"

అనాథ పిల్లల్ని, పెంచలేని వాళ్ల పిల్లల్ని తెచ్చి పెంచేవారని, చదువూ పనీ నేర్పేవారని, 21 ఏళ్లు వచ్చాక ఉండాలో వెళ్లాలో వాళ్ల ఇష్టానికే వదిలేసేవారని చెప్పాను. ఎక్కువమంది వెళ్లిపోయేవారని కూడా.

"వెళ్లిపోరా మరి! పని నేర్చుకున్న కుర్రాడు ఎక్కడ ఆగుతాడు" అన్నాడు. ఆయన దగ్గర నేర్చుకుని హైదరాబాద్ వెళ్లిపోయిన ముగ్గురు కుర్రాళ్ల పేర్లు నాకు చిన్నప్పటినుంచీ కంఠతా.

కాంటర్‌బరీలో మేకుల పట్టీ తర్వాత ఆయనకి బాగా నచ్చింది అక్కడి కోలపెట్టె. పలచటి మేపుల్ పట్టీని కోలగా వంచి, కొస మీద వేళ్లలా కోసి, చిన్న చిన్న రాగి మొలలు కొట్టిన పెట్టె. ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా వరసగా చేస్తారు. "గిద్ద, సోల, తవ్వ, మానిక లాగ" అన్నాడు. అది చేయడం నేర్పే తరగతి ఎక్కడైనా ఉందేమో చూడమన్నాడు. నేర్చుకోవాల్సింది మాత్రం నేనట, ఆయన చూస్తాడట.

జూన్ 10న పశ్చిమ మసాచుసెట్స్‌లో తన షెడ్డులో నేర్పే ఒక పెద్దాయనకి మెయిల్ పెట్టాను. తొమ్మిది రోజుల తర్వాత జవాబొచ్చింది. రెండు రోజుల తరగతి, తలకి 240 డాలర్లు, చెక్క, మొలలు అన్నీ అందులోనే. నాన్న నా బల్ల దగ్గరే నిలబడతాడంటే ఆయనకి 60 తీసుకున్నారు. జూలై 13, 14 ఇచ్చారు. ఇక్కడే దెబ్బ పడింది. జూలై 11 రాత్రి, ఒంట్లో బాగాలేదు, తరగతి రద్దు అని మెసేజ్. ఆయన తప్పేం లేదు, ఫీజు కూడా అలాగే ఉంచి ఆగస్టు 3, 4కి మార్చారు. కానీ నేను చౌకగా వస్తుందని డబ్బు వెనక్కి రాని పద్ధతిలో మోటెల్ బుక్ చేశాను. 118 డాలర్లు గోవిందా. మళ్లీ బుక్ చేస్తే 131. ఇలాంటి చిన్న తరగతులకి వెళ్లేవాళ్లు గది మాత్రం రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి.

తరగతిలో ఆరుగురం. అందరూ రిటైరైనవాళ్లే, నేనూ ఇంకో అమ్మాయీ తప్ప. మేపుల్ పట్టీ అట్టముక్కంత పలచగా ఉంటుంది. ముందు కత్తితో కొసన వేళ్లు కోయాలి, అంచులు ఏటవాలుగా. ఈ పనికి నాకు గంటన్నర పట్టింది. ఎందుకు వేళ్లలా కోయాలి, నేరుగా మడిచి కొట్టేస్తే పోలా అని నేను అడగబోతుంటే నాన్నే చెప్పాడు. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. వెడల్పుగా ఉన్న కొసని అటూ ఇటూ మొలలు కొట్టి బిగిస్తే కదలడానికి చోటు లేక పగులుతుంది. వేళ్లుగా కోస్తే దేనికది విడిగా కదులుతుంది. నేను ఇంగ్లీషులో చెప్పేసరికి పెద్దాయన నవ్వి నాన్న వైపు చేయి చాచాడు. నాన్న చేయి కలిపి "ఆయ్" అన్నాడు. మా గోదావరి "ఆయ్" ఆయనకి ఇంగ్లీషులో అవుననే మాటలాగే వినిపించింది. ఆ రెండు రోజులూ వాళ్లిద్దరి మధ్యా ఆ ఒక్క మాటతోనే సగం సంభాషణ నడిచింది.

పట్టీని వేడినీళ్ల తొట్టిలో ఇరవై నిమిషాలు నానబెట్టాలి. నీళ్లు మరగవు, మరుగుకి కాస్త ముందు ఆపుతారు. తీశాక అచ్చుచెక్క చుట్టూ చుట్టడానికి ఉండేది కొన్ని సెకన్లే. మొదటిది నా చేతిలో వేలి మొదట్లో టప్‌మని విరిగింది. ప్రాణం ఉసూరుమంది. రెండోది తొందరపడి వదులుగా చుట్టాను. మూడోది కుదిరింది. తర్వాత మొలలు. బియ్యపు గింజకి కాస్త పెద్ద అంతే. లోపల ఇనుప గొట్టం ఆనించి పైనుంచి కొడితే మొన లోపలి వైపు వంగి పట్టుకుంటుంది. రాగే ఎందుకంటే ఇనుము తుప్పు పట్టి చెక్క మీద మరక చేస్తుందట. నా ఎడమ బొటనవేలు నాలుగు రోజులు నీలంగా ఉంది.

వంచిన పట్టీలు రెండు రోజులు ఆరాలి. మావి రాత్రంతా ఫ్యాన్ ముందు పెట్టారు. రెండోరోజు అడుగుకీ మూతకీ పైన్ పలక కోసి, అంచు సానబెట్టి, పట్టీలోకి బిగుతుగా నొక్కాలి. చుట్టూ సన్నటి బెజ్జాలు వేసి చెక్క పుల్లలు దిగ్గొట్టాలి. ఆ పుల్లలేంటో చూసి నాన్న గట్టిగా నవ్వేశాడు. పళ్లు కుట్టుకునే పుల్లలే! ఆ నవ్వు మధ్యలోనే పైన్ పలక తీసి చెంపకి ఆనించుకుని, "ఇది ఇంకా ఆరలేదమ్మా, చల్లగా ఉంది. ఆయనకి చెప్పు" అన్నాడు. నేను చెప్పలేదు. నేర్పే మనిషికి, అందులోనూ అంత మర్యాదగా చూసుకున్న మనిషికి, చెక్క బాగాలేదని ఎలా చెప్తాం? "చెప్పాను నాన్నా" అని అబద్ధమాడాను.

ఆదివారం మధ్యాహ్నం తిరిగొస్తూ హాంకాక్ షేకర్ గ్రామంలో ఆగాం. అక్కడ 1826లో కట్టిన గుండ్రటి రాతి గొడ్లచావిడి ఉంది. యాభై రెండు ఆవులు నడిమికి మొహం పెట్టి చుట్టూ నిలబడేవి. గడ్డి బండి పై అంతస్తులోకి వచ్చి, చుట్టూ తిరుగుతూ గడ్డి నడిమి గుంతలోకి దింపేసి, వచ్చిన దారినే బయటికి పోయేది. "బండి వెనక్కి నడపక్కర్లేదు!" అని నాన్న మూడుసార్లు అన్నాడు. ఎడ్లబండి వెనక్కి నడిపినవాళ్లకి గానీ ఆ ఆనందం అర్థం కాదనుకుంటా.

షేకర్లు ఇంకా బతికే ఉన్నారన్న సంగతి ఆ తరగతిలోనే తెలిసింది. మెయిన్ రాష్ట్రంలో న్యూ గ్లౌస్టర్ దగ్గర సబ్బత్‌డే లేక్ అనే ఊళ్లో. మొదలైంది 1783లో. అప్పటినుంచీ ఎప్పుడూ ఖాళీ కాలేదు. 2017 జనవరిలో సిస్టర్ ఫ్రాన్సెస్ కార్ పోయాక ఇద్దరే మిగిలారు. ఇప్పుడైనా లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. ఆదివారం పొద్దున పది గంటల ప్రార్థనకి ఎవరైనా రావచ్చు. బుకింగ్ లేదు, టికెట్ లేదు. నాన్నకి చెప్పగానే "వెళ్దాం" అన్నాడు. నాకే బెరుకు. మనల్ని చూసి ఏమనుకుంటారో, మతం మార్చుకోమంటారేమో, లేచి ఏమైనా మాట్లాడమంటారేమో. ఒక్కటీ జరగలేదు, ముందే చెప్పేస్తున్నా.

ఆగస్టు 11, ఆదివారం. ఆన్ లీ ఓడ దిగి సరిగ్గా 250 ఏళ్లు నిండిన వారం అది. మేం ఆ లెక్క చూసుకుని వెళ్లలేదు, తర్వాత గమనించాను. పొద్దున ఏడింటికి ముందే బయల్దేరి, దారిలో ఓ చోట కారాపి పులిహోర తిని, తొమ్మిదిన్నరకి చేరాం. రోడ్డు పక్కనే తెల్లటి ప్రార్థన మందిరం, ఎదురుగా పెద్ద ఇటుకల ఇల్లు, చెట్లు, అవతల పొలాలు. ఆదివారం మ్యూజియం, దుకాణం మూసి ఉంటాయి. పనిముట్లు చూడాలనుకునే వాళ్లు వేరే రోజు రావాలి. నాన్నకి అదొక్కటే నిరాశ.

అసలు ఇబ్బంది మందిరం ముందు నిలబడ్డాక తెలిసింది. రెండు తలుపులు. ఒకటి ఆడవాళ్లకి, ఒకటి మగవాళ్లకి. లోపల కూడా విడివిడిగానే. కాంటర్‌బరీలో ఆ జంట తలుపులు చూసి ఫొటోలు తీసుకున్నదాన్ని, ఇక్కడ మాకు వర్తిస్తుందని తట్టనే లేదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషిని గంటసేపు ఒంటరిగా ఎలా వదలను? "నాన్నా, పోనీ వెనక్కి వెళ్లిపోదామా?" అన్నాను. "దేనికే? రామకోవెల్లో భజనకి మీ అమ్మ పక్కన కూర్చున్నానా ఎప్పుడైనా?" అని చొక్కా సర్దుకుని మగవాళ్ల తలుపులోంచి వెళ్లిపోయాడు.

లోపల తెల్లటి గోడలు, వాటి మీద ముదురు నీలం రంగు దూలాలు, చెక్క పని. 1794 నాటి రంగే అట, మళ్లీ వేయలేదట. మగవాళ్లూ ఆడవాళ్లూ ఎదురెదురు బల్లల మీద కూర్చుంటారు కాబట్టి నాన్న నాకు ఎదురుగానే కనబడ్డాడు. అందరం కలిపి ఇరవైమంది ఉంటాం. బైబిల్లోంచి చదివారు. తర్వాత పాట. వాయిద్యం ఏదీ లేదు, గొంతులే. ఆ తర్వాత మౌనం. ఎవరికైనా మాట్లాడాలనిపిస్తే లేచి రెండు మాటలు చెప్పొచ్చు. చెప్పాక ఎవరో ఒకరు ఆ మాటకి తగిన పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు కలుస్తారు. పుస్తకం తీసి వెతకడం లేదు. తరతరాలుగా కట్టుకున్న పాటలు వేలల్లో ఉన్నాయి వాళ్లకి. ఒకావిడ తన తోటలో టమాటాల గురించి మాట్లాడింది. ఇంకొకాయన ఆస్పత్రిలో ఉన్న తమ్ముడి గురించి. నేను లేవలేదు. లేవాలని ఒక క్షణం అనిపించింది, మా నానమ్మ మూడో పిల్లాడి గురించి. గొంతు పెగల్లేదు.

నాన్న మాత్రం గంటసేపూ కప్పు వైపే చూస్తున్నాడు. చదువుతున్నప్పుడు, పాడుతున్నప్పుడు, మౌనంలో కూడా. నాకు ఒళ్లు చచ్చిపోయింది. విసుగొచ్చి అలా చూస్తున్నాడని అక్కడివాళ్లు అనుకోరూ? ఇంటికెళ్లాక ఏమనాలో మనసులో రాసుకుంటూ కూర్చున్నాను.

బయటికొచ్చాక నేను నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టాడు. "ఎంత వెడల్పు గదో చూశావా? నడుమ ఒక్క స్తంభం లేదు. బరువంతా గోడల మీదకి దించేశాడు. ఊరికే కూర్చోడానికైతే రెండు స్తంభాలు వేసుకుంటే సరిపోయేది, ఖర్చు కూడా తగ్గేది. అంత కష్టపడ్డాడంటే ఆ నేల ఖాళీగా కావాలి. ఇక్కడ జనం తిరిగేవారమ్మా. గుండ్రంగానో, వరసల్లోనో. కోలాటంలా."

నేను నోరెళ్లబెట్టాను. అనువదించకుండా వదిలేసింది అదే. షేకర్లు అన్న పేరే వాళ్లు ఒళ్లు ఊగిపోయేలా ప్రార్థించేవారు కాబట్టి జనం పెట్టింది. తర్వాత ఆ ఊపు క్రమంగా వరసలు కట్టిన నాట్యమైంది, అడుగులు, మలుపులు, చేతుల కదలికలు. ఇప్పుడు ఆ నాట్యం లేదు, ఆగిపోయి చాలాకాలమైంది. ఆ మందిరం కట్టింది మోజెస్ జాన్సన్ అనే షేకర్ వడ్రంగి. కాంటర్‌బరీలోదీ ఆయనదే, న్యూ ఇంగ్లండ్‌లో ఇలాంటివి ఇంకా కట్టాడు. నాన్న ఆ పేరు నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

సిస్టర్ మిల్డ్రెడ్ బార్కర్ అని, చిన్నప్పటినుంచీ షేకర్లలోనే ఉండి చివరిదాకా ఇక్కడ గడిపిన ఒకావిడ ఉండేవారు. తనని జనం ఒక కుర్చీగా గుర్తుపెట్టుకోవడం ఇష్టం లేదని అనేవారట. దారిలో ఆ మాట నాన్నకి చెప్పాను, కాస్త సిగ్గుపడుతూనే, మేం వచ్చింది పెట్టె కోసమే కాబట్టి. ఆయన ఆలోచించి, "కుర్చీ చేసినవాడికి ఆ బాధ ఉండదు, చేయించుకున్నవాళ్లకే" అన్నాడు. ఈ మాట నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. ఆవిడ ఒప్పుకునేవారు కాదనే నా అనుమానం.

మొత్తం ఖర్చు, పోయిన గదితో కలిపి, పెట్రోలు కాక ఆరు వందల డాలర్లు దాటింది. ప్రార్థనకి మాత్రం పైసా కాలేదు. టోల్‌గేటు చిల్లర తప్ప.

నాన్న నవంబర్ 9న వెళ్లిపోయాడు. పెట్టె తీసుకెళ్లమంటే, "నువ్వు చేసింది, నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. అందులో పోపుసామాను డబ్బీలో పట్టని ఎండుమిరపకాయలు వేశాను. జనవరిలో హీటర్లు రాత్రీ పగలూ నడుస్తున్నప్పుడు ఒకరోజు మూత తీస్తే, మూత పలకకీ పట్టీకీ మధ్య సందు కనబడింది. కాగితం దూరేంత. ఫోన్ చేశాను.

"ఏ వైపు?" అన్నాడు.

"పొడుగు వైపులా. రెండు పక్కలా."

"పచ్చి పలక. చెప్పానా? ఆయనకి నువ్వు చెప్పలేదు కదూ?"

నేను మాట్లాడలేదు.

"సర్లే, దాన్నేం చేయకు. జిగురు గిగురు పూయకు. మీకు వానలు ఎప్పుడు?"

"జూన్‌లో ఉక్క మొదలవుతుంది నాన్నా."

"అప్పుడు కొంచెం మూసుకుంటుంది. మూసుకున్నాక ఫొటో పెట్టు."